షిన్యాన్ ఎవరు?

ఆమె నోటి వెంట మొదటి మాట వచ్చినప్పుడు అతను ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తున్నాడు.

పక్షవాతం వచ్చి పడిపోయిన దగ్గర్నుంచి ఆమె మాట్లాడలేదు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. కళ్ళు మాత్రం అందర్నీ గుర్తుపడుతున్నాయి. ఏదో చెప్పాలని పెదవులు కూడదీసుకునేది. గొంతు దాకా ఏదో వచ్చి అక్కడే ఆగిపోయేది. ఆ అవస్థ చూడలేక అతను ప్రతిసారీ మొహం కిటికీ వైపు తిప్పుకునేవాడు. ఆ ఉదయం మాత్రం తిప్పుకునే లోపే, ఎవర్నో పిలిచినంత స్పష్టంగా ఆమె అంది:

“షిన్యాన్.”

ఒలిచిన తొనలు నేలమీద పడ్డాయి.

“ఏమన్నావు? మళ్ళీ అను!”

“షిన్యాన్,” అంది ఆమె. అర్థమైందా అన్నట్టు అతని మొహంలోకి ఆశగా చూసింది.

అర్థం కాలేదు. పరుగెత్తి నర్సుని పిలుచుకొచ్చాడు. నర్సు మంచం మీదికి వంగి, “ఎవరమ్మా? మీ అబ్బాయా? ఫోన్ చేయించమంటారా?” అని అడిగింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆమె తల అడ్డంగా ఊపి, విసుగ్గా, “షిన్యాన్, షిన్యాన్,” అంటూ ఎడమ చేత్తో కిటికీ చూపించింది. ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది. తెర వేయమంటోందని అప్పటికి తట్టింది వాళ్ళకి.

అతను లిఫ్టు మెకానిక్. పెద్ద పెద్ద భవనాల్లో, పైకీ కిందికీ వెళ్ళే ఆ చీకటి గొట్టాల్లో, నూనె కారే ఉక్కుతాళ్ళ మధ్య ఒంటరిగా చేసే పని. అక్కడ మాట్లాడడానికి ఎవరూ ఉండరు. ఇంట్లో మాట్లాడాల్సిన అవసరం ఉండేది కాదు. ఆ బాధ్యత భార్య తీసుకుంది. ఆమె మరొకావిడతో కలిసి బజారులో బ్యూటీ పార్లర్ నడిపేది. వచ్చేవాళ్ళు ఆమెని పెద్దమేడమ్ అనీ, రెండో ఆవిడని చిన్నమేడమ్ అనీ పిలిచేవాళ్ళు. పగలంతా కుర్చీల్లో కూర్చున్న వాళ్ళతో మాట్లాడి మాట్లాడి, ఇంటికి వచ్చాక మిగిలినవన్నీ అతనితో మాట్లాడేది. ఎవరి కూతురు ఎవర్ని ప్రేమించింది, ఎవరి కోడలు జుట్టుకి ఎర్రరంగు వేసుకుని అత్తగారికి గుండెదడ తెప్పించింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. అతను ఊఁ కొట్టేవాడు. ఊఁ ఆలస్యమైతే, “విన్నారా, నిద్రపోయారా?” అని అడిగేది. ఇద్దరికీ ఆ ఏర్పాటు బాగానే కుదిరింది.

అలాంటి మనిషి నోట్లో ఇప్పుడు ఒక్కటే మాట మిగిలింది. ఇంటికి తీసుకొచ్చాక కూడా అదే. నీళ్ళు కావాలన్నా షిన్యాన్, దిండు సర్దమన్నా షిన్యాన్, వద్దన్నా, చాలన్నా, నొప్పన్నా షిన్యాన్. కోపం వచ్చినప్పుడు ఆ మాటనే విసిరికొట్టేది. ఏడుపు వచ్చినప్పుడు అదే మాట నోట్లో సాగిపోయేది.

సాయం చేస్తానని అతని అక్క పెట్టెతో సహా దిగింది. రైల్వే బుకింగ్ కౌంటర్లో కిటికీ వెనక కూర్చుని జీవితమంతా జనాన్ని కసిరిన మనిషి ఆమె. రిటైరయ్యాక కసరడానికి జనం దొరక్క తమ్ముడి ఇంటి మీద పడేది. మరదలంటే ఆమెకి మొదట్నుంచీ చిన్నచూపు. “నలుగురి తలలూ పట్టుకునే పని కూడా ఒక పనేనా,” అనేది. ఎన్నిసార్లు పిలిచినా ఆ పార్లర్ గడప తొక్కలేదు. నడుము దాటిన తన జుట్టుని ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, మెలిపెట్టి నడినెత్తిన క్లిప్పుతో బిగించి పడేసేది. అయినా రోగిష్టి మనిషికి ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, ముద్దలు తినిపించడం ఏ మాత్రం అసహ్యించుకోకుండా చేసింది. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

వచ్చిన కొన్నాళ్ళకి, వంటింట్లో పాలు కాస్తూ, గొంతు తగ్గించి తమ్ముణ్ణి అడిగింది.

“ఒరే, ఆ షిన్యాన్ ఎవడ్రా?”

“ఎవడు కావడమేమిటి అక్కయ్యా?”

“మరేమిటి? అంత జబ్బులో అన్నీ మర్చిపోయి ఆ ఒక్కటీ మర్చిపోలేదంటే ఏమనుకోవాలి? నీ పేరు రావాలి, కనీసం అమ్మా అని రావాలి. షిన్యాన్ ఏమిటి! వినడానికే పరాయి దేశం వాడిలా ఉన్నాడు.”

“నువ్వు ఊరుకో.”

“నేను ఊరుకుంటాలే. అది ఊరుకోవడం లేదుగా!”

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి, “షిన్యా...న్!” అని పిలుపు వినిపించింది. అక్క కనుబొమలు ఎగరేసింది. పాలు పొంగిపోయాయి.

మర్నాడు అతను ఒక భవనంలో లిఫ్టు తాడుకి గ్రీజు పూస్తూ ఆ మాటే తలుచుకున్నాడు. ఛ, అక్కయ్యవి పనికిమాలిన ఊహలు అనుకున్నాడు. అనుకున్నాక కూడా ఆ ఊహ పోలేదు. ఇన్నేళ్ళూ తను విన్న కబుర్లలో ఆ పేరు ఎప్పుడైనా వచ్చిందా? తను నిజంగా విన్నాడా, ఉత్తినే ఊఁ కొట్టాడా? చిన్నమేడమ్‌ని అడిగితే ఒక్క క్షణంలో తేలిపోతుంది. కానీ ఆమె చెప్పే జవాబు ఏమై ఉంటుందోనన్న భయంతో బజారు వైపు వెళ్ళడమే మానేశాడు. ఆమె ఫోన్ చేసి చూడ్డానికి వస్తానంటే, “పరవాలేదమ్మా, మెల్లగా కోలుకుంటోంది, తర్వాత వద్దువుగాని,” అని పెట్టేసేవాడు.

ఆసుపత్రి వాళ్ళు స్పీచ్ థెరపిస్టుని ఇంటికి పంపారు. చిన్న వయసు అమ్మాయి. ఇంట్లో అందరూ ఆమెని మాటల టీచర్ అనేవాళ్ళు. బొమ్మల కార్డులు పట్టుకొచ్చి, కప్పు, తాళంచెవి, గొడుగు చూపించి ఒక్కొక్కటీ మెల్లగా పలికించేది. ఆమె శ్రద్ధగా టీచర్ పెదవుల వైపు చూసి, ఊపిరి పీల్చుకుని, అన్నిటికీ షిన్యాన్ అనేది. అన్నాక తనకే తెలిసిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఒకరోజు వెళ్తూ వెళ్తూ ఉంటే అతను టీచర్ని గుమ్మం దగ్గర ఆపాడు.

“మిగతా మాటలన్నీ పోయినట్టేనా అమ్మా?”

“పోలేదండీ. లోపల ఉన్నాయి. ఆవిడ నీళ్ళు అనే అనుకుంటారు, నోరు మాత్రం షిన్యాన్ అంటుంది. కొందరికి ఇలా ఒక్క మాటే మిగులుతుంది. అన్నిటికీ అదే వస్తుంది.”

“ఆ మాటే ఎందుకు?”

“అది చెప్పలేను. ఎక్కువ వాడిన మాట కావచ్చు, ఇష్టమైన మాట కావచ్చు. నేనూ వెతికాను, ఎలా రాయాలో తెలీక నాకేం దొరకలేదు. ఆవిడతో పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి. దాని అర్థం తెలిస్తే నాకు చాలా పనికొస్తుంది. అందాకా ఆ మాటని తప్పు పట్టకండి. ఎలా అన్నారో విని, దానికి జవాబివ్వండి.”

ఇంక తప్పించుకోవడానికి లేకపోయింది.

పెళ్ళయి అన్నేళ్ళయినా అతను ఆ పార్లర్ లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆడవాళ్ళుండే చోటని బయట స్కూటర్ మీదే కూర్చుని, తెల్లతెర వేసిన అద్దాల తలుపు కేసి చూస్తూ ఎదురుచూసేవాడు. ఆ రోజు తలుపు తోసుకుని వెళ్ళి నిలబడ్డాడు. గోడ పొడవునా అద్దాలు. అన్ని అద్దాల్లోనూ నూనె మరకల చొక్కాతో తనే. నేలమీద ఎవరివో కత్తిరించిన వెంట్రుకలు నలుపూ గోధుమరంగూ కలిసి కుప్పగా ఉన్నాయి. తడిజుట్టు, షాంపూ, కాలిన వెంట్రుకల వాసన వేస్తోంది. ఒకావిడ డ్రయ్యర్ టోపీ కింద కూర్చుని పత్రిక చదువుతోంది. ఇంకొకావిడ జుట్టు చిన్నమేడమ్ చేతుల్లో ఉంది.

“అన్నయ్యగారూ! వదినకి ఎలా ఉంది? ఏమైంది?” అంది చిన్నమేడమ్ కంగారుగా.

“ఏం కాలేదు. నిన్నొకటి అడగాలి. నిజం చెప్పాలి.” అతను గొంతు సవరించుకున్నాడు. “షిన్యాన్ ఎవరు?”

డ్రయ్యర్ కింది ఆవిడ పత్రిక దించింది.

చిన్నమేడమ్ అతని వైపు చూసింది. అతని మొహం చూసి, ఆ ప్రశ్న వెనక ఉన్న ప్రశ్న అర్థం చేసుకుని, నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ వీపు పట్టుకుని మరీ నవ్వింది. అంతలో నవ్వుతున్న మనిషే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఎవరేంటండీ! అది మనిషి కాదు. జుట్టు.”

“జుట్టా?”

“ముడి. వదిన ఆ మాట అంటోందా? ఇంకేం అనడం లేదా? అయ్యో వదినా... రండి, ఇలా రండి, చూపిస్తాను.”

కుర్చీలో కూర్చున్నావిడని, “మేడమ్, మీరేం అనుకోకండి,” అని బతిమాలి, ఆమె జుట్టు దువ్వి, వెనక్కి తెచ్చి, మెడ మీద దించి చుట్టసాగింది. చెయ్యి పని చేస్తుంటే నోరు చెప్పుకుంటూ పోయింది.

“ఫ్రెంచి మాట అన్నయ్యగారూ. అక్షరాలు బోలెడు రాస్తారు, చదివేటప్పుడు సగం మింగేస్తారు. మాకు పని నేర్పిన టీచర్ చెప్పేవారు, మొదట్లో ఆ మాటకి జుట్టుతో సంబంధమే లేదట. మెడ వెనక భాగాన్ని అలా అనేవాళ్ళట. మెడ ఎముకలు గొలుసు లంకెల్లా ఉంటాయి కదా, గొలుసు లంకె అనే మాటలోంచే పుట్టిందట. పోగా పోగా ఆ మెడ మీద వాలే ముడికి ఆ పేరు వచ్చింది. అందుకే నడినెత్తిన బుట్టలా పెడితే అది షిన్యాన్ కాదు. చెవుల పక్కనుంచి కిందికి రావాలి. ఇదిగో, ఇక్కడ కూర్చోవాలి. విందులకీ, పెళ్ళిళ్ళకీ, మనిషి హుందాగా కనబడాల్సిన చోటికల్లా ఇదే.”

అతను చూశాడు. ఇందాకటి దాకా మామూలుగా కూర్చున్న ఆవిడ నిటారుగా అయిపోయింది. ఎవరూ చెప్పకుండానే.

“వదినకి ఈ మాటంటే పిచ్చి,” అంది చిన్నమేడమ్. “కొత్త మనిషి కూర్చుంటే ముందు జుట్టు ముట్టుకోదు. జుట్టంతా పైకెత్తి మెడ చూస్తుంది. రెండు వేళ్ళు అక్కడ ఆనించి, అద్దంలో వాళ్ళ కళ్ళలోకి చూసి, షిన్యాన్ అంటుంది. ఇంక వాళ్ళేం అడిగినా వినదు! తర్వాత తర్వాత మంచిది ఏది కనబడినా అదే అనేది. కాఫీ బాగుంటే, ఇవాళ కాఫీ షిన్యాన్. తువ్వాళ్ళు చక్కగా మడత పెడితే, షిన్యాన్. మీ గురించి కూడా అనేది.”

“నా గురించా?”

“మా ఆయన మాట్లాడడు గానీ మనిషి షిన్యాన్, అనేది.”

అతను బయటికి వచ్చి స్కూటర్ మీద కూర్చున్నాడు. తాళంచెవి పెట్టాడు గానీ చాలాసేపు తిప్పలేదు.

ఇంటికి వెళ్ళి ఆమె కుర్చీ ఎదురుగా చిన్నపీట వేసుకు కూర్చున్నాడు. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి తన మెడ వెనక చెయ్యి పెట్టుకుని చూపించి, “షిన్యాన్. ఇదేగా?” అన్నాడు.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నవ్వింది. జబ్బు చేశాక నవ్వడం అదే మొదలు. మూతి ఒక పక్కకే సాగింది, అయినా అది ఆమె నవ్వే. ఎడమ చెయ్యి చాచి అతని తల తన వైపు లాక్కుని, బట్టతల కిందుగా మెడ మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా, ఏ తొందరా లేకుండా, “షిన్యాన్,” అంది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన అక్క, విషయం విని, “అయితే జుట్టా! అదేదో ముందే చెప్పొచ్చుగా,” అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. ఆ సాయంత్రమంతా మరదలికి కాఫీ మీద కాఫీ ఇచ్చింది.

సంగతి చెప్పగానే మాటల టీచర్ కార్డులు పక్కన పెట్టేసింది.

“అయితే ఈ బొమ్మలెందుకు? దువ్వెన, పిన్నులు తెప్పించండి. చేతికి అలవాటైన పనిలో పెడదాం. ఒక్కోసారి చెయ్యి కదిలితే నోరు కూడా కదులుతుంది. కదలకపోవచ్చు కూడా. ఆశ పెట్టడం లేదు, చేసి చూద్దాం.”

చిన్నమేడమ్ పనిసంచీతో పాటు పార్లర్లో నేర్చుకునేవాళ్ళు వాడే బొమ్మతల కూడా పట్టుకొచ్చింది. నైలాను జుట్టు, గులాబీ రంగు పెదవులు, ఎటూ చూడని కళ్ళు. ఆమె దాని మెడ కింద వేళ్ళు పెట్టింది. ప్లాస్టిక్ మెడ చల్లగా, గట్టిగా ఉన్నట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది. తర్వాత ఎడమ చేత్తో ఒక్క తోపు తోసింది. బొమ్మతల దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. “షిన్యాన్!” అని అరిచి, పనిచెయ్యని కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్ళో విసిరికొట్టుకుని, మొహం తిప్పేసుకుంది.

మాటల టీచర్ ఏదో అనబోయి ఆగింది.

అప్పుడు అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ రోజు అతను కూర్చున్న చిన్నపీటని మరదలి కుర్చీ ముందుకి కాలితో జరిపి, ఆమెకి వీపు పెట్టి కూర్చుంది. నెత్తిన క్లిప్పు లాగేసింది. నెరిసిన జుట్టు భుజాల మీదుగా జారి నేలని తాకింది.

“కానీ,” అంది గోడకేసి చూస్తూ. “నా తల ఖాళీగానే ఉంది. ఏం చేసుకుంటావో చేసుకో.”

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఆ జుట్టు మీద పడుతోంది. ఆమె చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత ఎడమ చెయ్యి చాచి జుట్టంతా ఒక పక్కకి తోసి, ఆడపడుచు మెడ మీద రెండు వేళ్ళు ఆనించింది. అక్క భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఎన్నో ఏళ్ళుగా అక్కడ ఎవరి చెయ్యీ పడలేదు. కాసేపటికి ఆ భుజాలు మెల్లగా దిగాయి.

“షిన్యాన్,” అంది ఆమె, తీర్పు చెప్పినట్టు.

దువ్వెన అందుకుంది. చివర్ల నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెం పైకి వెళ్తూ చిక్కు తీసింది. ఒక్క వెంట్రుక తెగలేదు. అతను అదంతా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. భార్య ఇలాంటి పని చేస్తుందని తెలుసు, చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. పొద్దున కప్పు పట్టుకోవడానికి తడబడిన చెయ్యి అదేనా అనిపించింది. జుట్టుని పాయలుగా విడదీసేటప్పుడు దువ్వెన తోక పాపిడిలో గీతలా పరుగెత్తింది. వెనక పాయంతా కూడగట్టి మెలిపెట్టింది. అక్కడ ఆగిపోయింది. మెలి వదలకుండా చుట్టాలంటే రెండో చెయ్యి కావాలి.

ఆమె తలెత్తి అతని వైపు చూసింది. “షిన్యాన్?”

ఆ మాట చివర అడుగుతున్నట్టు పైకి లేచింది. అతనికి అర్థమైంది. చేతులు కడుక్కుని వచ్చి ఆమె కుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె మెలి తెచ్చి అతని వేళ్ళ మధ్య పెట్టింది.

అలా మొదలైంది. ఒక మనిషి ఎడమ చెయ్యి, ఇంకో మనిషి కుడి చెయ్యి. ఆమె చెప్తుంటే అతను చేశాడు. చెప్పడానికి ఉన్నది ఒక్కటే మాట. అయినా అతనికి ప్రతిసారీ వేరే మాట వినిపించింది. షిన్యాన్ అని పొట్టిగా కొడితే ఆగు అని. కిందికి జారిస్తే దించు అని. గొంతులో నలిపితే కాదు మొద్దూ అని. జీవితమంతా ఊఁ కొట్టిన మనిషి ఆ రోజు చెవులు రిక్కించి విన్నాడు. ఒకసారి పట్టు తప్పి మెలి అంతా విడిపోయింది. అక్క, “అబ్బా!” అంది. ఆమె మాత్రం కోప్పడకుండా మళ్ళీ దువ్వి మళ్ళీ మొదలుపెట్టింది.

పిన్నులు పెట్టడం చూశాక అతనికి మతిపోయింది. ఆమె పిన్నుని బయటికి తిప్పి పట్టుకుని, చుట్టలోంచి కాసిన్ని వెంట్రుకలు అందుకుని, మణికట్టు చిన్నగా తిప్పి, తలకి ఆనించి లోపలికి తోసేది. పిన్ను మాయమైపోయేది. ఒక్కటీ కనబడదు, కానీ చుట్ట కదలదు. ఉక్కుతాడు బలమంతా మెలిలోనే ఉంటుందని అతనికి తెలుసు. ఆ బలాన్ని ఇంత మెత్తగా, నొప్పి తెలియకుండా మనిషి తలమీద నిలబెట్టొచ్చని తెలియదు. గదిలో ఎవరూ కదలడం లేదు. మాటల టీచర్ కూర్చోవడం కూడా మర్చిపోయి నిలబడే ఉంది. చిన్నమేడమ్ చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర చెవి పక్క పాయలు మిగిలాయి. ఒకటి అతని చేతిలో పెట్టి, ముడి మీదుగా తిప్పి కిందికి తెమ్మన్నట్టు చూపించింది. జారిపోతుందేమోనన్న భయంతో అతను బిగించి పట్టుకున్నాడు.

“వదులు,” అంది ఆమె.

అతను వదిలాడు. పాయ మెత్తగా వంపు తిరిగి, తనంతట తను ముడి పక్కన వాలింది.

వాలాక, విన్నది అతని బుర్రకి ఎక్కింది. వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కూడా చెయ్యి గాల్లో ఆపేసి, ఆ మాట ఇంకెవరో అన్నట్టు చుట్టూ చూస్తోంది.

“ఏమంది? ఏమందిరా?” అంది అక్క, తల కదపడానికి భయపడి గోడతోనే.

మాటల టీచర్ మాత్రం, “ఆపకండి,” అంది. “మేడమ్, పని ఆపకండి.”

ఆమె పెదవులు తడుపుకుంది. రెండో పాయ తీసి భర్త చేతిలో పెట్టింది.

“పట్టు...” అంది. ఊపిరి తీసుకుంది. “పట్టుకో.”

పట్టుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు నిండి జుట్టు కనబడకపోయినా పట్టుకున్నాడు.

“వదులు.”

వదిలాడు.

అయిపోయింది. ఆడపడుచు మెడ మీద, వెండి రంగులో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని ముడి. చిన్నమేడమ్ ముందొక అద్దం, వెనకొక అద్దం పట్టింది. అక్క ముందు దాన్ని ఎటు చూడాలో తెలియక తడబడింది. తర్వాత కనబడింది. చూస్తూనే ఉండిపోయింది.

“నా వెనక ఇంత చోటు ఉందని నాకెవరూ చెప్పలేదేం?” అంది ఎట్టకేలకి.

వంగిన మెడ, దాని మీద రెండు చిన్న ముడతలు, ఎప్పటిదో ఒక పుట్టుమచ్చ. పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన అక్క మెడని ఆమె తమ్ముడు కూడా ఆ రోజే చూశాడు.

ఆ తర్వాత మాటలు గుంపుగా ఏమీ రాలేదు. ఎన్నో నెలలు పట్టింది, చాలా రానే లేదు. వచ్చినవి ముందుగా పనిలోవే వచ్చాయి. పాయ, పిన్ను, కింద, ఇంకా కింద. మాటల టీచర్ ఎప్పుడొచ్చినా అక్కని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టేది. అక్క జుట్టు ఇన్నిసార్లు దువ్వించుకుంటే రాలిపోతుందని దెబ్బలాడుతూనే, టీచర్ రాకముందే క్లిప్పు తీసేసి కూర్చునేది. నీళ్ళు అనే మాట కంటే ముందు అద్దం అనే మాట వచ్చింది. తాళంచెవి అన్న మాట ఇప్పటికీ రాదు. ఏదీ రానప్పుడు షిన్యాన్ వస్తుంది, అందరికీ అర్థమవుతుంది.

ఒకరోజు అతను పనికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే స్నానాలగది లోంచి, “ఏవండీ,” అని వినిపించింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె అతన్ని పిలిచే పిలుపు. అతను ఒక కాలి చెప్పుతోనే పరుగెత్తాడు. కుళాయి గట్టిగా బిగిసిపోయిందని చెప్పడానికి పిలిచింది. కుళాయి తిప్పి, అక్కడే గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు లిఫ్టు పనికి ఆలస్యంగా వెళ్ళాడు.

ఇప్పుడు సెలవురోజుల్లో ఇద్దరూ పార్లర్‌కి వెళ్తారు. ఆమె కోసం ఒక ఎత్తుకుర్చీ చేయించారు. వచ్చినవాళ్ళ మెడ మీద ఆమె రెండు వేళ్ళు ఆనిస్తుంది, కుడి పక్కన అతను నిలబడతాడు. మొదట్లో మగమనిషిని చూసి కొందరు బిత్తరపోయినా, పని అయ్యాక అద్దం చూసుకుని ఇంకేమీ అనరు. అతను ఆమెకి కుడి చెయ్యి మాత్రమే. ఒంటరిగా ఇవ్వాళ్టికీ ఒక్క ముడి సరిగా వెయ్యలేడు.

కిందటి వారం ఇంట్లో అక్కకీ మరదలికీ గొడవైంది. చివర్లు చిట్లిపోయాయి, కత్తిరించాలని ఆమె అంటుంది, ముట్టుకుంటే ఊరుకోనని అక్క అంటుంది. అక్క మొదలుపెడితే రైలు బండే కదా, పుట్టిన దగ్గర్నుంచీ ఈ జుట్టు మీద కత్తెర పడలేదు, నువ్వెవరు చెప్పడానికి, నీకు జబ్బని ఊరుకుంటున్నాను అని ఏకబిగిన సాగిపోయింది. ఆమె కత్తెర ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా వింది. మొహం ఎర్రబడింది. పెదవులు కూడదీసుకుంది.

“నోరు ముయ్... వదినా,” అంది.

అక్క నోరు మూసింది. తర్వాత అక్క సగం విప్పిన జుట్టుతోనే లేచి, ఫోన్ అందుకుని, చిన్నమేడమ్‌కి, మాటల టీచర్‌కి, తనతో కౌంటర్లో పని చేసిన పాత స్నేహితురాళ్ళకి, గుర్తున్న ప్రతి నంబరుకీ వరసగా ఫోన్ చేసింది.

“విన్నావా,” అంటోంది ఏడుస్తూ, నవ్వుతూ, “మా మరదలు నన్ను నోరు ముయ్యమంది! ఎంత బాగా అందో! వదినా అని కూడా అంది!”